నిమిత్త కారణానికి మరమ్మతు

కార్యకారణ సంబంధాన్ని వివరించవలసి వచ్చినప్పుడు భారతీయ తర్కశాస్త్రం తరచుగా ఆశ్రయించిన ఉదాహరణ బట్ట. ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం బట్టకు దారాలు సమవాయి కారణమని, అంటే బట్ట దేనిని విడిచి ఉండలేదో అదని చెబుతుంది. ఆ దారాల కలయికను అసమవాయి కారణమంటుంది. ఈ రెండింటికీ వేరైన మగ్గాన్నీ దాని పనిముట్లనూ నిమిత్త కారణం కింద చేరుస్తుంది. బట్ట నేయడం పూర్తయిన తరువాత మగ్గం విరిగినా బట్టకు లోటు రాదు కాబట్టి, శాస్త్రకారుడు మగ్గాన్ని పేర్కొని ముందుకు సాగిపోయాడు. అయితే మగ్గం విరిగిన ఇంట్లో ఆలోచన అక్కడి నుంచే మొదలవుతుంది. నిమిత్తమని పక్కన పెట్టిన ఆ వస్తువుకూ అవయవాలున్నాయని, ఆ అవయవాలకూ ఒక కలయిక ఉందని, చెడిపోయేది చాలాసార్లు అవయవం కాదు, ఆ కలయికేనని మరమ్మతు చేసేవాడికి తెలిసినంతగా మరొకరికి తెలియదు.

అలాంటి ఇళ్ళు సూరత్‌లో ఉన్నాయి. ఆ నగరానికి తూర్పు వైపున ఉన్న పర్వత్ పాటియా, దానికి చేరువలోని లింబాయత్, డిండోలి, ఉధనా ప్రాంతాలలో తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీ కుటుంబాలు, గణనీయంగా ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతుండటమే వారి ఉనికికి సాక్ష్యం. సొంత ఊరిలో చేమగ్గం ఎరిగిన ఈ కుటుంబాలు ఇక్కడ మరమగ్గానికి అలవాటు పడ్డాయి. సిరిసిల్లలో సాంచె అని పిలిచే ఆ యంత్రాలను వరుసగా నిలిపిన చోటును సూరత్‌లో ఖాతా అనీ, నడిపేవాడిని కారీగర్ అనీ, చెడితే బాగుచేసేవాడిని మాస్టర్ అనీ అంటారు. చిన్న ఖాతాలలో కింద యంత్రాలు, పైన కాపురం ఉంటాయి. నలుగురు పట్టినా కదలని పోత ఇనుప యంత్రాన్ని కార్ఖానాకు మోసుకుపోవడం అయ్యే పని కాదు గనుక మరమ్మతు కూడా ఆ నాలుగు గోడల మధ్యనే, వంటింటి చప్పుళ్ళు వినబడేంత దూరంలోనే జరుగుతుంది.

మరమ్మతుకు అనువైన కాలం చలికాలం. దీపావళి సెలవులకు ఖాతాలు మూతపడి కారీగర్లు సొంత ఊళ్ళకు వెళ్ళినప్పుడు ఒకసారి, జనవరి 14న ఉత్తరాయణ్ పండుగకు ఊరంతా మేడలెక్కి గాలిపటాలు ఎగరేసే రోజుల్లో మరోసారి యంత్రాలకు విరామం దొరుకుతుంది. సూరత్ చలి పేరుకే చలి. జనవరి తెల్లవారుజామున సుమారు 15 డిగ్రీలకు దిగితే అదే ఎక్కువ, ఆదిలాబాద్ వాళ్ళు దీన్ని లెక్కలోకి కూడా తీసుకోరు. అయినా ఇనుముకు, నూనెకు, నూలుకు ఆ మాత్రం తేడా సరిపోతుంది. రాత్రంతా ఆగిన యంత్రంలో గ్రీజు బిగుసుకొని పొద్దున మొదటి తిప్పుళ్ళు బరువుగా వస్తాయి. సూరత్‌లో ఎక్కువగా నేసేది పాలిస్టర్ వంటి కృత్రిమ నూలు కావడంతో, గాలిలో తేమ తగ్గిన ఈ నెలల్లో ఆ పోగులు రాపిడికి విద్యుదావేశం పొంది ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, చిక్కుపడతాయి, తెగుతాయి.

చూసేవాడికి అది యంత్ర దోషంలాగే కనిపిస్తుంది. సరస్సు మీద లేచే ఆవిరిని పొగ అనుకొని అక్కడ నిప్పు ఉందని నిర్ణయించడాన్ని నైయాయికులు, అంటే న్యాయ దర్శన తార్కికులు, హేత్వాభాసానికి, అంటే హేతువులా కనిపించే అహేతువుకు ఉదాహరణగా చెప్పారు. తొందరపడే మాస్టర్ చేసేదీ ఇదే: పోగులు తెగుతున్నాయి గనుక పేక పోగును తట్టే పన్నె అరిగిందనో, పేకను మోసే నాడె అంచు గరుకెక్కిందనో తేల్చుకొని, బాగున్న భాగాన్ని విప్పి, విప్పినందువల్ల కొత్త దోషం పుట్టిస్తాడు. నేల తడిపి, తలుపులు మూసి, ఒక పూట చూసి, అప్పటికీ పోగులు తెగుతుంటేనే పానా అందుకునే మాస్టర్‌కు అనుమాన ప్రమాణం, అంటే హేతువును బట్టి నిర్ణయించే పద్ధతి, పేరు తెలియకపోవచ్చు గానీ దాని క్రమశిక్షణ మాత్రం బాగా తెలుసు.

యంత్రంలోకి దిగితే కథ మరింత చిక్కగా ఉంటుంది. సాదా మరమగ్గంలో రెండు ప్రధాన ఇరుసులుంటాయి. మోటారుతో తిరిగే పై ఇరుసు పన్నెను ముందుకు వెనక్కు ఊపుతుంది; పళ్ళ చక్రాల జతతో దానికి తగిలించిన కింది ఇరుసు, పై ఇరుసు రెండు చుట్లు తిరిగేసరికి తాను ఒక్క చుట్టు తిరిగి, నాడెను ఒకసారి ఈ వైపు నుంచి, ఒకసారి ఆ వైపు నుంచి కొట్టి పంపుతుంది. నాడె ఒక్కసారి దాటి ఒక పేక పోగు వేయడాన్ని పిక్కు అంటారు. నిమిషానికి 150 పిక్కులు వేసే యంత్రంలో ఒక్కో పిక్కుకు దక్కేది 0.4 సెకను, ఆ లోపల పడుగు రెండు వరుసలుగా విడిపోవాలి, నాడె దాటాలి, పన్నె వచ్చి పోగును తట్టాలి. మోటారుకు బరువు తగిలేది ముఖ్యంగా నాడెను కొట్టే క్షణంలో. ఆ క్షణం ప్రతి చుట్టులోనూ అదే స్థానంలో వస్తుంది గనుక, చక్రంలోని పళ్ళన్నీ సమానంగా అరగవు. దెబ్బ తగిలే చోటున్న కొద్ది పళ్ళే మొనదేలి, మిగిలినవి దాదాపు కొత్తవాటిలా నిలిచి ఉంటాయి.

ఇక్కడ కొత్త చక్రం కొని బిగించడం సులభమైన ఉపాయంగా తోస్తుంది, అదే పొరపాటు కూడా. ఏళ్ళ తరబడి ఒకదానికొకటి ఒరుసుకొని తిరిగిన రెండు చక్రాలు తమ అరుగుదలను పంచుకొని ఉంటాయి. వాటిలో ఒకదాన్ని మాత్రమే మారిస్తే కొత్తదాని నిండు పళ్ళు పాతదాని పలుచబడ్డ పళ్ళలో సరిగా కూర్చోక చప్పుడు చేస్తాయి, కొంతకాలానికి పాతవాటిని విరుస్తాయి. అందువల్ల జతగా మార్చాలి. జతకు డబ్బులేని ఇంట్లో అనుభవం గల మాస్టర్ మరో దారి పడతాడు: చక్రాలను ఊడదీసి, వాటిని ఇరుసులకు బిగించే కీ కూర్చునే గాడిని మరో కోణంలో కోసి, ఇంతవరకు దెబ్బ తినని పళ్ళు దెబ్బ తగిలే చోటికి వచ్చేటట్టు తిప్పి బిగిస్తాడు. కొత్త లోహం ఒక్క గ్రాము చేరలేదు, పాతది గాడి మేరకు తప్ప పోలేదు, యంత్రం మరికొన్నేళ్ళు నడుస్తుంది. ఇందులో మారింది అవయవాల కలయిక ఒక్కటే.

పోత ఇనుములో పగులు వస్తే మాత్రం చలి నేరుగా పనిలో చెయ్యి పెడుతుంది. 2 నుంచి 4 శాతం కర్బనం గల ఈ లోహంలో అధిక భాగం కర్బనం గ్రాఫైట్ రేకులుగా విడిపోయి ఉంటుంది. ఆ రేకుల వల్లనే ఇది యంత్రం అదురును మింగగలుగుతుంది, ఆ రేకుల వల్లనే వంగకుండా పుటుక్కున విరుగుతుంది. పగులు చివర చిన్న రంధ్రం తొలిచి అది పాకకుండా ఆపి, పగులు పొడవునా గాడి కోసి, నికెల్ కడ్డీతో అంగుళం చొప్పున అతుకు వేస్తూ, వేసిన అతుకు ఇంకా వేడిగా ఉండగానే సుత్తితో తేలికగా తట్టి దాని బిగువు సడలిస్తారు. వేడెక్కి వ్యాకోచించిన భాగం త్వరగా చల్లారితే చుట్టూ ఉన్న చల్లని లోహం దాన్ని సంకోచించనివ్వక, అతుకు పక్కనే మరో పగులు పుడుతుంది. చలిగాలి తగిలే డిసెంబరు రాత్రి ఈ ప్రమాదం ఎక్కువ. కాబట్టి తలుపు వేసి, పని చేసిన భాగాన్ని బూడిదలోనో పొడి సున్నంలోనో కప్పి తెల్లవారేదాకా ముట్టుకోరు. ఖాతా యజమానికి అది వృథా అయిన రాత్రిగా తోచవచ్చు, నిజానికి అతుకు నిలవడమో ఊడడమో ఆ రాత్రే తేలిపోతుంది.

బట్టలోంచి ఒక పోగు తీసేస్తే పాత బట్ట నశించి ఖండపటం అనే వేరొక బట్ట పుడుతుందని నైయాయికులు వాదించారు. ఆ లెక్కన ఒక చక్రం మారిన సాంచె వేరే సాంచె కావాలి. బౌద్ధులు అసలు అవయవాలకు వేరుగా సాంచె అనేదే లేదంటారు. మాస్టర్ ఈ రెండు పక్షాలనూ ఒప్పుకోడు. నాడె పాత సమయానికే బయలుదేరి పాత సమయానికే చేరుతుంటే, ఎన్ని భాగాలు మారినా అతని దృష్టిలో అది ఆ సాంచెయే. భాగాలన్నీ పాతవే ఉండి సమయం తప్పితే అది ఇనుప సామాను. వాదంగా ఇది బలహీనమే, నైయాయికుడు రెండు ప్రశ్నలతో పడగొట్టగలడు. అయినా యంత్రం ఏకత్వం దాని పదార్థంలో లేదని, దాని నడకలో ఉందని గుర్తించడంలో మాస్టర్ శాస్త్రకారుడికంటే ఒక అడుగు ముందున్నాడనే చెప్పాలి.

2017 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పవర్‌టెక్స్ ఇండియా పథకంలో సాదా మరమగ్గాలను ఉన్నచోటనే మెరుగుపరచడానికి సాయం చేర్చారు. పోగు తెగిన వెంటనే యంత్రాన్ని తనంతట తాను ఆపే పరికరాలను పాత చట్రానికే తగిలించడం అందులో ముఖ్యాంశం. జపాన్‌లో సాకిచి టొయోడా 1924లో పూర్తి చేసిన జి రకం మగ్గంలో కనిపించిన ఈ గుణం, దాదాపు శతాబ్దం తరువాత పాత సాంచెకు అతుకుగా వచ్చింది. అయితే సూరత్ మొత్తంగా నీటి ధారతో పేకను తోసే వాటర్ జెట్ మగ్గాల వైపు, రేపియర్ మగ్గాల వైపు జరిగిపోతోంది. వాటిలోని ఎలక్ట్రానిక్ పలకలు చెడితే గాడి కోసి తిప్పి బిగించే ఉపాయం పనికిరాదు. కంపెనీ మనిషి వచ్చి పలకను మార్చి వెళతాడు. పాత సాంచె భంగార్ (పాత ఇనుప) దుకాణానికి కిలోల లెక్కన పోయే రోజున మాస్టర్ ముందుగా వచ్చి పళ్ళ చక్రాల జతను, నాడెను కొట్టే పుల్లలను, కీలను విప్పుకుంటాడు. వీధిలో ఇంకా నడుస్తున్న సాంచెలలో అవి దేనికి సరిపోతాయో అరుగుదలను వేలితో తడిమి చూసి అప్పుడే చెప్పగలడు.