చెల్లు పడిన బాకీ

తెనాలిలో ఒక షావుకారుకు ధాన్యం, మినుముల కమీషన్ కొట్టు ఉండేది. బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి బ్రాంచీలు. నాట్లప్పుడు రైతులకు పెట్టుబడి ఇచ్చి, నూర్పిళ్లయ్యాక సరుకు తన కొట్టుకే తోలించుకునేవాడు. ఎవరి ఖాతాలో ఎంతుందో అంతా ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడో రాయించిన ప్రోగ్రాంలో ఉండేది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మౌసుతో పనే లేదు. దాన్ని నడిపే గుమస్తాకు కళ్లజోళ్లు మారాయి గానీ ప్రోగ్రాం మారలేదు.

గుమస్తాకు రోజూ రాత్రి ఒక తంతు ఉండేది. బ్రాంచీల వాళ్లు ఫోన్లో చెప్పిన లెక్కలు ఎక్కించుకుని, కొట్టులోని మిగతా కంప్యూటర్లు ఆపించి, ఇండెక్సులు మళ్లీ కట్టించేవాడు. వారానికోసారి ఫైలును ‘ప్యాక్’ చేసేవాడు. ఆపైన అన్ని ఫైళ్లూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్ని జేబులో వేసుకుని ఇంటికి పోయేవాడు. ఎందుకిదంతా అని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

సంక్రాంతికి షావుకారు మేనల్లుడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "ఇంకా ఫోన్లు చేసి లెక్కలు చెప్పుకోవడమేంటి మామయ్యా?" అని, పండగ సెలవుల్లోనే ఒక యాప్ తయారుచేసి, వేరే ప్రోగ్రాంలకు ఫైళ్లను చదివి పెట్టే ఓడీబీసీ డ్రైవర్ పెట్టి నేరుగా ఆ పాత ఫైళ్లకే తగిలించాడు. రేపల్లెలో కూర్చున్నవాడికి తెనాలి లెక్క ఫోన్లో కనిపించింది. బాకీ ఉన్నవాళ్లకు మెసేజ్ కూడా దానంతటదే వెళ్లే ఏర్పాటు చేశాడు. షావుకారు మురిసిపోయాడు.

"బాబాయ్ గారూ, ఇక మీరు పొద్దుపోయేదాకా కూర్చోనక్కర్లేదు" అన్నాడు కుర్రాడు గుమస్తాతో.

ఆ రాత్రి గుమస్తా ప్యాక్ చేయబోతే, ఫైలు వేరొకరి వాడకంలో ఉందని తెర మీద పడింది. ప్యాక్ కావాలన్నా ఇండెక్స్ మళ్లీ కట్టాలన్నా ఆ ఫైలును ఇంకెవరూ తెరిచి ఉంచకూడదు. యాప్ దాన్ని పగలూ రాత్రీ వదలడం లేదు. షావుకారుతో చెబితే "నడుస్తోందిగా, చూద్దాంలే" అన్నాడు. కుర్రాడు అప్పటికే హైదరాబాద్ బస్సెక్కేశాడు.

మినుములు అమ్ముడయ్యాక నగరం అనే ఊరి వైపు రైతొకడు వచ్చి బాకీ మొత్తం కట్టి, చెల్లు చీటీ రాయించుకుని వెళ్లాడు. గుమస్తా ఎప్పటిలాగే ఆ వరుసను బాకీల ఫైల్లోంచి తీసేశాడు. నిజానికి అందులోంచి ఏదీ వెంటనే పోదు. ప్రతి వరుసకూ మొదట్లో ఒక్క అక్షరం పట్టేంత చోటు ఉంటుంది. తీసెయ్యమంటే అక్కడ ఒక నక్షత్రం గుర్తు పడుతుంది, అంతే. పాత ప్రోగ్రాం ఆ గుర్తు చూసి వరుసను దాటేస్తుంది. ప్యాక్ చేసిన రోజున గానీ అది పూర్తిగా పోదు. కుర్రాడి యాప్‌కు నక్షత్రం సంగతి తెలియదు. చెల్లు పడిన బాకీలన్నీ దాని కంటికి బతికే ఉన్నాయి.

మర్నాడే రైతుకు మెసేజ్ పోయింది. అతను రేపల్లె దాకా బస్సులో వచ్చి, అక్కడ తెనాలి రైలెక్కి, చీటీ చేత్తో పట్టుకుని కొట్టు మెట్లెక్కాడు. షావుకారు పాత కంప్యూటర్లో చూస్తే బాకీ లేదు. ఫోన్లో చూస్తే ఉంది.

"ఒక్క కొట్టుకు రెండు నోళ్లేంటి షావుకారుగారూ? ఏ నోటి మాట నమ్మాలి?" అన్నాడు రైతు.

షావుకారు నోరెత్తలేదు. గుమస్తా యాప్ నడిచే కంప్యూటర్‌ను ఆపించి, ప్యాక్ కొట్టి, దాన్ని మళ్లీ ఆన్ చేయించి, "ఇప్పుడు చూడండి" అన్నాడు. వరుస పోయింది. ఆ సాయంత్రమే కుర్రాడికి ఫోన్ వెళ్లింది. ఈసారి అతను ఏమీ రాయకుండా ముందు గుమస్తాను ఒక పూట కూర్చోబెట్టుకుని ఆ రాత్రి తంతు మొత్తం చెప్పించుకున్నాడు. తర్వాత యాప్‌ను అసలు ఫైళ్ల నుంచి తప్పించాడు. రాత్రి అన్నీ సర్దాక తీసే నకలు మాత్రమే అది చదువుతుంది. బ్రాంచీల్లో ఎక్కించే లెక్కలు వేరే ఫైల్లో పడతాయి, పొద్దున్నే పాత ప్రోగ్రామే వాటిని చూసి లోపలికి తీసుకుంటుంది.

నీతి: పాత లెక్కకు కొత్త దారి వేసేవాడు, ఆ లెక్కను రోజూ మూసే మనిషిని ముందు అడగాలి. మూసే మనిషి కూడా తన తంతును తలలోనే దాచుకోకూడదు.

కథ విన్నవాళ్లు తప్పంతా కుర్రాడిదే అంటారు. నాకు మాత్రం గుమస్తా మీదే ఎక్కువ కోపం. ఒక్క కాగితం మీద రాసి గోడకు అంటించి ఉంటే రైతుకు రైలు ఖర్చు తప్పేది.

అసలు లెక్క ఒకటి, వెతికేవాడికి కనిపించేది ఇంకొకటి అయ్యే ఈ చిక్కు కంప్యూటర్లతో పుట్టింది కాదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 55వ సెక్షన్ చూడండి. దస్తావేజును పుస్తకంలోకి ఎక్కించడంతో సరిపెట్టలేదు, మనుషుల పేర్లతో ఒక సూచిక, ఆస్తుల వివరాలతో మరో సూచిక రాయాలంది. రాసేవాడు సూచికలో మరిచిపోతే దస్తావేజు బీరువాలో ఉండి కూడా వెతికేవాడికి దొరకదు. 1998 నవంబరు 4న ‘కార్డ్’ పథకంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని చాలా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులు కంప్యూటర్లలోకి మారినప్పుడు, పాత పుస్తకాలన్నింటినీ ఎక్కించబోలేదు. 1983 నుంచి ఉన్నవాటినే ఎక్కించారు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కోసం తిరిగినవాళ్లందరికీ ఆ సంవత్సరం కంఠతా వచ్చు. దానికి ముందుది కావాలంటే పుస్తకాలే తిరగేయాలి. కొత్త దారి ఎక్కడ మొదలవుతుందో తేల్చి చెప్పడం కూడా ఒక తెలివే.

ఫాక్స్‌ప్రో సంగతికొస్తే, 1992లో దాన్ని మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది, 2004లో వచ్చిన విజువల్ ఫాక్స్‌ప్రో 9తో కొత్త వెర్షన్లు ఆగిపోయాయి, 2015 జనవరితో మద్దతూ ముగిసింది. ఫైళ్లు మాత్రం ఇంకా తెరుచుకుంటూనే ఉన్నాయి. ఆ ఫైళ్లకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన డ్రైవర్లు 32 బిట్‌వి. ఇప్పటి 64 బిట్ ప్రోగ్రాం వాటిని నేరుగా పిలవలేదు, మధ్యలో చిన్న 32 బిట్ ప్రోగ్రాం ఒకటి ఉండాలి. ఒక్కో టేబుల్ 2 జీబీ దాటకూడదు, అందుకే అప్పుడప్పుడూ పాత సంవత్సరాలను విడదీసి పక్కన పెట్టాలి.

నకలు తీసేటప్పుడు చాలామంది అసలు వరుసలుండే డీబీఎఫ్ ఫైలు ఒక్కటే పట్టుకుపోతారు. ఇండెక్సులు సీడీఎక్స్ అనే ఫైల్లో, రిమార్కుల్లాంటి పొడుగు రాతలు ఎఫ్‌పీటీ అనే ఇంకో ఫైల్లో ఉంటాయి. మూడూ కలిసే ప్రయాణం చేయాలి. సీడీఎక్స్ పోతే మళ్లీ కట్టుకోవచ్చు. ఎఫ్‌పీటీ పోతే, పెట్టుబడి ఎంతిచ్చారో అంకె మిగులుతుంది గానీ, ఏ షరతు మీద ఇచ్చారో రాసుకున్న మాట మళ్లీ రాదు.