వాక్కునకు అభయము

భయములలో జనులెల్లరకు సామాన్యమైనది, అయినను ఎవ్వరును ఒప్పుకొన నిచ్చగింపనిది ఒకటి గలదు. అది నలుగురిలో నోరు విప్పుటకు కలుగు భయము. మంచిమాట నాలుక చివరివఱకు వచ్చియు మరలిపోవును. "నేనెంతవాడను? విన్నవారు నవ్వరా?" అను తలంపు దానిని అడ్డగించును. ఈ జంకును వినయమని లోకము మెచ్చుటయు కలదు. కాని వినయము వేరు, పిరికితనము వేరు. వినయము తన్ను మఱచును. పిరికితనము తన్ను తప్ప మఱియేమియు తలంపదు.

హనుమంతుని చరిత్రము ఈ సందర్భమున స్మరింపదగినది. ఋశ్యమూకమువద్ద అతని పలుకులు విని శ్రీరాముడు, ఇంతసేపు మాటలాడినను ఒక్క అపశబ్దమైన దొర్లలేదని లక్ష్మణునితో ప్రశంసించెను. అట్టి వాగ్విదుడే సముద్రతీరమున, వానరవీరులందఱు తమ తమ శక్తిని చెప్పుకొనుచుండగా, ఒక ప్రక్కన మౌనముగా కూర్చుండెను. జాంబవంతుడు అతనికి క్రొత్త బలము నొసగలేదు. ఉన్నబలమును జ్ఞప్తికి దెచ్చెను. హనుమంతుడు లేచినదియు తన కీర్తికై కాదు, రామకార్యమునకై. ఆత్మవిశ్వాసమునకు ఈ రెండే మూలములు: తనలోని శక్తిని స్మరించుట, దానిని తనకన్న గొప్పదానికి అర్పించుట.

ఇది పురాణకాలమునకు మాత్రమే చెల్లునని యెంచరాదు. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కునగరమునకు చేరువలో గనియారీ యను గ్రామము గలదు. 1956లో అచ్చట పార్ధీ కులమున తీజన్ బాయి జన్మించెను. బడిచదువునకు నోచుకొనలేదు. మాతామహుడు చెప్పు మహాభారతకథలే ఆమెకు పాఠములైనవి. భారతకథను గానముచేయు 'పాండవానీ' యందు రెండు పద్ధతులు గలవు: కూర్చుండి పాడునది వేదమతి, నిలువబడి అభినయించునది కాపాలికము. స్త్రీలు కూర్చుండియే పాడవలెననుట నాటి ఆచారము. తీజన్ బాయి పదుమూడేండ్ల ప్రాయముననే సభలో నిలువబడి, పురుషులవలె కంఠమెత్తి పాడెను. తనవారే ఆమెను వెలివేసిరి. ఒక చిన్న గుడిసెలో ఒంటిగా నివసించుచును ఆమె పాట మానలేదు. పిమ్మట భిలాయి ఉక్కు కర్మాగారము ఆమెకు ఉద్యోగమొసగినది. భారతప్రభుత్వము 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ బిరుదములతో గౌరవించినది. విదేశములందును ఆమె తన ఛత్తీస్‌గఢీ పలుకుతోనే పాడెను.

ఈ ధైర్యమునకు కారణమేమి? ఆమె చేతి తంబూరాను చూచిన తెలియును. అది ఒక క్షణమున భీముని గద, మఱుక్షణమున అర్జునుని ధనుస్సు. పాడువారి చూపు భీమార్జునులపై నిలిచినపుడు, తమ రూపమును, చదువును, కులమును ఎవరెట్లెంచుచున్నారో గమనించుటకు తావేది? చెప్పవలసినదానియందు ప్రేమ నిండినచోట భయమునకు చోటుండదు.

భిలాయి కొలుములును ఈ సత్యమునే బోధించుచున్నవి. సోవియట్ దేశపు సహకారముతో నిర్మితమైన ఈ కర్మాగారమున మొదటి కొలిమిని 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. కొలిమిలో వేసిన ఖనిజము ఎఱ్ఱమట్టివలె కనబడును. కాని ఇనుము దానియందే యున్నది. కోకు మండి ఖనిజమందలి ప్రాణవాయువును హరించును. సున్నపురాయి మలినములను కలుపుకొని చిట్టెముగా పైకి తేలును. ఇనుప ద్రవము అడుగున నిలుచును. కొలిమి ఇనుమును సృష్టింపదు, వెలికిదీయును. శ్రద్ధయే ఆ అగ్ని. ఆత్మపరీక్షయే ఆ సున్నపురాయి. అది లేనిచో ధైర్యముతోపాటు గర్వమును బయటికి వచ్చును.

ఉపాధికై భిలాయి చేరిన తెలుగు కుటుంబములలో బాలుడు ఇంట తెలుగు, బడిలో హిందీ పలుకుచు, రెండింటను తప్పు దొర్లునేమో యని మూగవోవుట కలదు. అట్టివానిని పరిహసించుట పాపము. జాంబవంతునివలె వాని శక్తిని వానికి గుర్తుచేయుట పెద్దల ధర్మము. సాధకునకును మార్గము సులభమే. ముందు ఇంటివారికి ఒక కథ చెప్పవలెను. పిదప భజనలో ఒక కీర్తన పాడవలెను. పిదప సభలో ఒక సత్యము పలుకవలెను. తప్పు దొర్లినచో దిద్దుకొని మరల పలుకవలెను. ఎట్టిది పలుకవలెనో గీత పదునేడవ అధ్యాయమున భగవానుడు నిర్ణయించినాడు: ఎవరిని నొప్పింపనిది, సత్యమైనది, ప్రియమును హితమును అయినది. అట్టి వాక్కు తపస్సే యని ఆయన శాసనము.

మౌనమెల్ల తపస్సు కాదు. కౌరవసభలో ద్రౌపది ధర్మమును గూర్చి ప్రశ్నించినపుడు పెద్దలు తలలు వంచుకొనిరి. వికర్ణుడు వయస్సున చిన్నవాడయ్యు లేచి న్యాయము పలికెను. అతని మాట ఆనాడు నెగ్గలేదు. అయినను యుగములు గడచినను ఆ సభలో నోరు విప్పినవానిగా అతడు స్మరింపబడుచునే యున్నాడు. మాట నెగ్గుట దైవాధీనము; పలుకుట మానవధర్మము. హృదయమందలి సత్యమును భగవదర్పణముగా పలుకువానికి, వినువారు పదిమందియైనను, ఒక్కడైనను, భయపడ పనిలేదు.