రేపు ఎవరి చేతిలో ఉంది

చింతపడొద్దు, అంతా దేవుడే చూసుకుంటాడు. ఈ మాట పుట్టినప్పట్నించీ వింటున్నాను. ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లెలో, బాప్టిస్టు చర్చి గోడ పక్కన పెరిగినవాడికి ఇది ఉగ్గుతో పాటు వచ్చే మాట. మాట ఒకటే గానీ దాన్ని పలికే నోళ్లు ఒకటి కావు. ఎవరు ఎవరితో అంటున్నారో చూడకుండా దీని మంచిచెడ్డలు తేల్చలేం.

ఆసామి కూడా ఈ మాటే అనేవాడు. "నేనున్నా గదరా, నీకెందుకురా దిగులు" అని మా నాయనతో అనేవాడు. ఆ భరోసా వెనక వేలిముద్ర వేసిన నోటు ఉండేది. ఎలక్షన్లప్పుడు పల్లెలోకొచ్చే నాయకుడూ ఇదే అనేవాడు. ఆదివారం పాస్టరుగారు కొండమీద ప్రసంగం తెరిచి, ఆకాశంలో పిట్టల్నీ పొలంలో పువ్వుల్నీ చూపించి, సణుక్కోవడం పాపమని చెప్పేవారు. కూలి రేటు మాటెత్తితే అది లోక సంబంధమైన విషయం, చర్చిలో ఎత్తకూడదు. తర్వాత నేను యూనివర్సిటీకి పోయాక కమ్యూనిస్టు మిత్రులు తగిలారు. మంచివాళ్లే. నాకు పుస్తకాలిచ్చారు, అన్నం పెట్టారు. కానీ మా అమ్మ సంగతి వచ్చేసరికి, "ముందు ఆమె చేత ఆ ప్రార్థన మాన్పించు, అప్పుడు గానీ తిరగబడదు" అనేవాళ్లు.

పాస్టరుగారికీ కామ్రేడ్లకీ క్షణం పడదు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే లెక్క. దేవుడి మీద భారం వెయ్యడమంటే నోరు మూసుకుని కూర్చోవడమే అని. నా పేచీ ఈ ఇద్దరితోనూ.

తెలుగు బైబిల్లో ఆ చోట వాడిన మాట చింత. చింత అంటే దిగులు, చింతన అంటే ఆలోచన. మా సంఘాల్లో ఎప్పుడు జరిగిందో గానీ, దిగులు పడొద్దు అన్నది కాస్తా ఆలోచించొద్దు అన్నదిగా మారి కూర్చుంది. దిగులు పడేవాడు నిజానికి ఆలోచించలేడు. రాత్రంతా అప్పు లెక్క మనసులో తిరుగుతుంటే ఆ అప్పు న్యాయమైనదేనా అని అడిగే తీరిక ఉండదు. మా నాయన బతుకంతా ఆ లెక్కలోనే పోయింది.

పిట్టల పోలిక కూడా మా పల్లె మీద అట్టే అతకదు. పిట్టలకి సేద్యం లేదు, గాదెలు లేవు, అయినా బతుకుతున్నాయి అన్నాడాయన. మాకు సేద్యం ఉంది. విత్తేది మేమే, కోసేది మేమే, పొగాకు ఆకు విరిచేది మేమే, బ్యారన్ దగ్గర కర్రలకి కట్టేది మేమే. లేనివి గాదెలూ పాతర్లూ. అవి ఊళ్లో ఉన్నాయి. ఈ బోధనే లూకా రాసిన సువార్తలో చూస్తే దాని ముందు ఒక కథ ఉంటుంది. విరగ పండిన పంట పెట్టడానికి చోటు చాలక, ఉన్న కొట్లు పీకేసి పెద్ద కొట్లు కట్టుకుందామనుకున్న భూకామందు కథ. ఆ రాత్రే వాడు చస్తాడు. ఆ కథ అయ్యాకే రేపటి తిండి గురించి చింతపడొద్దన్న మాట వస్తుంది. అంటే రేపటి కోసం కొట్లు నింపుకునేవాడి కథా, రేపటికి గింజ లేనివాడికి చెప్పిన మాటా పక్కపక్కనే ఉన్నాయి. మా పాస్టరుగారు ఎన్నేళ్లు ప్రసంగించినా ఆ రెండూ కలిపి చదవగా నేను వినలేదు. చందా ఇచ్చే ఆసాములు క్రిస్మస్‌కి ముందు వరసలో కూర్చునేవాళ్లు మరి.

1974లో నేను ఏడో క్లాసు. నాయనకి ఉబ్బసం ముదిరి పాలేరుతనం చెయ్యలేకపోయాడు. నోటు మీద మూడు వందలు బాకీ ఉంది. పిల్లోణ్ణి పంపమని ఆసామి కబురు పెట్టాడు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో గదా వచ్చింది. అది వచ్చాక కూడా మా వైపు పాలేర్ల సంగతి ఏమంత మారలేదు, అది వేరే కథ.

నాయన తల వంచుకుని, "పంపుదామే. రేపు పనికి పిలవకపోతే ఏం తింటాం?" అన్నాడు. అమ్మ మాట్లాడలేదు. రాత్రి దీపం ఆర్పాక ప్రార్థనకి కూర్చుంది. ఆమె ప్రార్థన వినేవాళ్లకి తెలుసు, అది మొక్కు కాదు, దెబ్బలాట. "అయ్యా, నా బిడ్డని సదూకోమని ఇచ్చావా, గొడ్లు కాయమని ఇచ్చావా, ఏదో ఒకటి తేల్చు" అని దేవుణ్ణి నిలదీసింది. తెల్లారి ఆసామి దొడ్లోకి పోయి నిలబడింది. వెనకాల నేనున్నాను.

"మావోడు రాడయ్యా. బడికి పోతాడు. నీ మూడొందలూ నా రెక్కలతో తీరుస్తా."

"రేపేం తింటావే?" అన్నాడాయన.

"రేపటి సంగతి రేపయ్యా. దేవుడున్నాడు."

ఆయన పెత్తనమంతా నడిచింది, మా రేపు ఆయన గుప్పిట్లో ఉందన్న భయం మీద. ఆ రేపు నీది కాదు, ఇంకొకాయనది అని ఒక కూలిమనిషి ఎదురుగా చెప్పేసరికి ఆయనకి తిట్టడం తప్ప ఏం చెయ్యాలో తోచలేదు. నోరు మూయించడానికి పాస్టరుగారు చదివే ఆ వాక్యమే అమ్మకి నోరిచ్చింది. కామ్రేడ్లకి నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఇదే.

అయితే దాని ఖరీదూ చెప్పాలి. ఆ ఏడాది పొగాకు పనికి అమ్మని ఎవ్వరూ పిలవలేదు. మన్నా కురవలేదు. మా పల్లె ఆడవాళ్లు వండేటప్పుడల్లా దేవుడి పేరు చెప్పి ఒక పిడికెడు బియ్యం తీసి కుండలో వేసేవాళ్లు. అవి ఆదివారం పాస్టరుగారింటికి పోయేవి. ఆ నాలుగు నెలలు ఎవరూ మీటింగు పెట్టకుండానే ఆ పిడికిళ్లు మా ఇంటి వైపు తిరిగినయ్. పాస్టరుగారు కొన్నాళ్లు ముఖం చిట్లించి ఊరుకున్నారు. దేవుడు పిట్టలకి ఎట్లా మేత పెడతాడో నాకు తెలీదు. మాకు మాత్రం చినిగిన రైకల అక్కల చేతుల మీదగా పెట్టాడు.

బియ్యం కోసం కిరస్తానం పుచ్చుకున్నోళ్లు అని మమ్మల్ని అంటారు. 1876-78 కరువులో మా ముత్తాతలు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మట్టి మోశారు. ఒంగోలు మిషనరీ క్లవ్ దొర ఆ పనిలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కరువు పని జరిగినంత కాలం బాప్తిస్మాలు ఆపి పెట్టాడు. ఆ తర్వాతే, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది మునిగారు. అన్నం పెట్టినవాణ్ణి నమ్మడం తప్పయితే, ఆకలి పెట్టినవాణ్ణి నమ్మి వెయ్యేళ్లు బతికిందాన్ని ఏమనాలి?

అంబేద్కర్ మా మీద చేసిన విమర్శని నేను దాటవెయ్యను. మతం మారిన అంటరానివాడికి అతని కష్టానికి కారణం పాపంలో చూపిస్తారు గానీ చుట్టూ ఉన్న సమాజంలో చూపించరని ఆయన అన్నాడు. నిజం. మా ఉజ్జీవ సభల్లో ఇవాళ్టికీ అదే జరుగుతోంది. అదే లూకాలో ఇంకొక విధవరాలుంది. దేవుడికీ మనుషులకీ భయపడని జడ్జి చుట్టూ తిరిగి, విసిగించి, తీర్పు రాబట్టుకున్న మనిషి. విసుక్కోకుండా ప్రార్థన చెయ్యాలని చెప్పడానికి ఏసు ఎంచుకున్నది మోకాళ్ల మీదున్న భక్తురాలిని కాదు, కోర్టు చుట్టూ తిరిగే ఆడమనిషిని. కారంచేడులో 1985 జులైలో మంచినీళ్ల చెరువు దగ్గర బిందె ఎత్తి అడ్డుకున్నామె పేరు మున్నంగి సువార్త. మర్నాడు, జులై 17న, ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినవాళ్లు చీరాల వచ్చి శిబిరంలో ఉన్నారు. ఏం దిగులు లేదులే అనుకుని ఇళ్లకి పోలేదు. దళిత మహాసభ పుట్టింది ఆ నేల మీదే.

ఇక మాకున్న అసలు చిక్కు చెప్తాను. దేవుణ్ణి నమ్ముతున్నామని పైకి చెప్పడానికే భయపడాల్సిన బతుకు మాది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల్ని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ కలిపారు. మమ్మల్ని కలపలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఈ మత షరతు తీసెయ్యమంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఈ రాష్ట్రంలో మతం మారిన మాదిగ బీసీ-సీ కింద ఒక్క శాతంలో ఉంటాడు. ఊళ్లో మాత్రం మాదిగే. చెప్పుల దగ్గరా, చెరువు దగ్గరా అతని బాప్తిస్మం ఎవరికీ గుర్తుండదు. సర్టిఫికెట్టు దగ్గర అందరికీ గుర్తొస్తుంది.

అందుకే మా ఇళ్లల్లో రెండేసి పేర్లు. అమ్మకి రేషన్ కార్డులో ఒక పేరు, సంఘం పుస్తకంలో ఇంకొక పేరు. ఆసామి ముందు దేవుడున్నాడని గొంతెత్తి చెప్పిన మనిషి, ఎమ్మార్వో ఆఫీసు నించి ఎంక్వయిరీకి వస్తున్నారంటే గోడ మీద వాక్యం కేలండరు తీసి పెట్టెలో పెట్టేది. నమ్మకం చాలక కాదు. తమ్ముడి ఉద్యోగం ఆ కాగితం మీద నిలబడి ఉంది గనక. చింతపడొద్దని ప్రసంగించే పెద్దలు ఈ చింత ఎవరు పెట్టారో, దాన్ని ఎవరు తియ్యాలో కూడా చెప్పాలి. ఇది ప్రార్థనతో పాటు పార్లమెంటులో తేలాల్సిన చింత.

అమ్మ పోయినప్పుడు రాయి చెక్కేవాడు ఏ పేరు వెయ్యాలని అడిగాడు. శిలువ వెయ్యాలా వద్దా అనీ అడిగాడు. తమ్ముడు నా మొహంలోకి చూశాడు. వాడికింకా ఆరేళ్ల సర్వీసుంది, ఇద్దరు పిల్లలు చదువుతున్నారు. వాణ్ణి పిరికివాడనే హక్కు నాకు లేదు. సంఘంలో పిలిచిన పేరే వేయించాం, శిలువతో. వాడు ఏటా నవంబరులో వచ్చి రాయికి సున్నం వేసి పోతాడు. ఫోటో మాత్రం తియ్యనివ్వడు.