రాతితోటలో రాలే ఎర్రాకు: మురిస్తే తప్పా?

జపాన్‌లోని క్యోటోలో తోఫుకుజి అనే జెన్ మఠం ఉంది. 1236లో కుజో మిచియే అనే ప్రభువు దానికి శ్రీకారం చుట్టాడు. ఏటా నవంబరు చివర్లో అక్కడి లోయంతా మేపుల్ చెట్ల ఎరుపుతో నిండిపోతుంది. లోయ మీది త్సూతెన్‌క్యో వంతెనపై అడుగు పెట్టే సందుండదు. ఆ మఠంలో ఒకప్పుడు చెర్రీ చెట్లుండేవని చెబుతారు. మఠంలోనే ఉంటూ బొమ్మలు వేసిన భిక్షువు మిన్‌చో (1352–1431) పనితనానికి మెచ్చి అప్పటి సైనిక పాలకుడు (షోగన్) అషికాగ యోషిమోచి ఏం కావాలో కోరుకోమన్నాడట. ఈ చెర్రీ చెట్లు కొట్టించండి, లేకుంటే మఠం కాస్తా వినోదాల చోటైపోతుంది అన్నాడట ఆ భిక్షువు. కథ ఎంతవరకు జరిగిందో గానీ, అందులోని భయం మాత్రం నిజమైనది. సర్వం అనిత్యమని బోధించే చోట, రాలిపోయే ఆకు అందానికి మురిసిపోవడం సాధనకు చేటు కాదా? కాదన్నదే నా వాదం. ఆ మురిపెం పాఠం నేర్పుతుంది కాబట్టి ఫర్వాలేదని సర్దిచెప్పుకోవలసిన పని కూడా లేదంటాను.

ముందు ఎదుటిపక్షం మాట వినాలి. బౌద్ధ భిక్షువుకు ఆటపాటలు, పూలదండలు, సుగంధాలు నిషిద్ధం. ధమ్మపదంలోని మలవగ్గం మొదలయ్యేదే ముదిమికి చేరిన మనిషిని పండుటాకుతో పోలుస్తూ. యమభటులు వాకిట్లో ఉన్నారు, దారిబత్తెం లేదు అన్న హెచ్చరిక అది. అక్కడ ఆకు చూసి ఆనందించడానికి కాదు, ఉలిక్కిపడడానికి. ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఇంకా వాదమేమిటని అడగవచ్చు. అయితే అదే పాళీ వాఙ్మయంలో వృద్ధ భిక్షువుల పాటలైన థేరగాథలున్నాయి. వాటిలో బుద్ధుడి శిష్యుడు మహాకాశ్యపుడి గాథలున్నాయి. ఆయన సామాన్యుడు కాడు. కఠోర వ్రతాలు పాటించేవాళ్ళలో అగ్రగణ్యుడని బుద్ధుడే చెప్పాడంటారు. బుద్ధుడి తర్వాత తొలి గురువుగా జెన్ పరంపర లెక్కించేదీ ఆయననే. అంతటి విరాగి కొండరాళ్ళను చూసి పరవశించాడు. చల్లని తేటనీళ్ళు, ఏనుగుల ఘీంకారాలు, నెమళ్ళ కూతలు, ఆరుద్ర పురుగులు కమ్ముకున్న రాతినేల, ఇవన్నీ తనకు ఆనందమిస్తాయని మళ్ళీ మళ్ళీ చెప్పాడు. తొలకరిలో మన చేలగట్ల మీద కనబడే మఖ్మల్ ఎరుపు పురుగే అది. రాతి మీది ఎరుపు, దాన్ని చూసి సంతోషించే సన్యాసి: తోఫుకుజి కన్నా ఎన్నో శతాబ్దాల ముందే ఈ దృశ్యం ధర్మగ్రంథంలో చోటు సంపాదించుకుంది. ఆ గాథల ముగింపులో ఆయన మరోమాట అన్నాడు. మనసు కుదుర్చుకుని ధర్మాన్ని చూసేవాడి ఆనందానికి వాద్యాల సుఖం సాటిరాదని. అంటే ఆనందాల్లో తేడా తెలిసినవాడే రాళ్ళను చూసి ఆనందించాడు.

ఆ తేడా ఎక్కడుందో రాతితోటలో బాగా తెలుస్తుంది. తోఫుకుజిలో హోజో అనే భవనానికి నాలుగు పక్కలా 1939లో తోటల రూపశిల్పి షిగెమొరి మిరెయ్ తీర్చిన తోటలున్నాయి. దక్షిణాన పెద్ద బండలు, చుట్టూ చాళ్ళుగా దువ్విన తెల్లని గులకరాళ్ళు. ఉత్తరాన పాత బాటలోంచి తీసిన చదరపు పలకరాళ్ళను నాచులో గళ్ళు గళ్ళుగా పొదిగాడు. ఏదీ వృథాగా పారేయకూడదన్నది మఠం పెట్టిన షరతు. ఆ గళ్ళు ఒక పక్కకు పోయేకొద్దీ పలచబడి, చివరికి నాచు ఒక్కటే మిగులుతుంది. దాని మీద పడిన మేపుల్ ఆకు చంటిబిడ్డ అరచేయంత ఉంటుంది. అంచులు సన్నగా నొక్కులు తీరి ఉంటాయి. తడి ఆరగానే కొసలు ముడుచుకుని, ఎరుపు ఇటుకరంగుకు తిరుగుతుంది. ఊడ్చేవాళ్ళు వచ్చి దాన్ని ఎత్తేస్తారు. జెన్ మఠాల్లో ఊడవడం కూడా సాధనే. ఆకును ఇష్టపడటమంటే దాన్ని అక్కడే అట్టిపెట్టుకోవడమైతే, ఆ చీపురుకు అర్థం లేదు. తోటల మీద ప్రేమ సాధకుడికి తగునా అన్న ప్రశ్నకు జెన్ గురువు ముసో సొసెకి (1275–1351) తన ‘ముచూ మొందో’ గ్రంథంలో ఇచ్చిన జవాబు సారం కూడా ఇదే: కొండల్లో నీళ్ళల్లో లాభమూ లేదు, నష్టమూ లేదు, ఉన్నదంతా మనిషి మనసులోనే.

ఇక ఇంకో రకం వాళ్ళున్నారు. ఎర్రాకు మరణాన్ని గుర్తుచేస్తుంది, అందుకే దాన్ని చూడడం పుణ్యమంటారు. వాళ్ళతో నాకు ఇంకా ఎక్కువ పేచీ ఉంది. చెట్టు చావడం లేదు. చలి ముదిరే ముందు ఆకులోని పత్రహరితాన్ని విడగొట్టి, నైట్రోజన్‌ను వెనక్కి లాక్కుని, తొడిమ దగ్గర పొర కట్టి ఆకును వదిలేస్తోంది. జింకో చెట్టు ఆకులో పసుపు ముందునుంచీ ఉన్నదే, పచ్చదనం పోగానే బయటపడుతుంది. మేపుల్ ఎరుపు అలా కాదు, ఆంథోసయనిన్ అనే ఆ రంగును ఆకు ఆఖరి రోజుల్లో కొత్తగా తయారుచేసుకుంటుంది. దీన్ని చావుకు గుర్తుగా తీసుకుని, మంచాన పడి మూలుగుతున్న మనిషితో చావు కూడా ఇంత అందంగా ఉంటుందని చెబితే అది క్రూరత్వం. దుఃఖం దుఃఖమే, దానికి రంగులు పులమకూడదు. కానీ మేపుల్ చెట్టు దగ్గర నిలబడి దుఃఖాన్ని అరువు తెచ్చుకోవడమూ అంతే అబద్ధం. నాగార్జునకొండ పేరులో నిలిచిన నాగార్జునుణ్ణి జెన్ సంప్రదాయం తన పద్నాలుగో గురువుగా లెక్కిస్తుంది. సంసారం వేరు, నిర్వాణం వేరు అని గీత గీయడానికి ఆయన ఒప్పుకోలేదు. ప్రతి సుఖమూ మోక్షమే అని దానర్థం కాదు. సుఖం కనబడని చోటికి పారిపోవడం మాత్రం మోక్షం కాదు.

అందుకే మిన్‌చో భయాన్ని గౌరవిస్తూనే ఆయన అడిగిన మందు పనిచేయదంటాను. చెర్రీ చెట్లు పోయాయి, జనం మేపుల్ చెట్ల కోసం వచ్చారు. ఎరుపును పట్టుకుపోవాలని ఫోటోల కోసం ఎంత తోసుకున్నారంటే, ఆకులు ఎర్రబడే రోజుల్లో వంతెన మీద ఫోటోలు తీయడాన్ని మఠం నిషేధించవలసి వచ్చింది. నా దృష్టిలో చెట్లు కొట్టించడం కన్నా ఇదే ధర్మానికి దగ్గరగా ఉన్న పని. చూడొద్దని అనలేదు, పట్టుకుపోవద్దన్నారు, అంతే. నవంబరు చివర్లో క్యోటో వెళ్ళే వీలు చిక్కితే వంతెన దగ్గరే ఆగిపోకండి. హోజో ఉత్తరపు తోట దాకా వెళ్ళి, వసారాలో నిలబడి కళ్ళారా చూడండి. ఆ సంతోషానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.