నిద్రపోని కావలి

ఇషా నమాజు చేసుకొని, దుఆ చదువుకొని మనం పడుకుంటాం. ఫజ్ర్‌కు లేచేవరకు మన శ్వాసను నడిపింది ఎవరు? మనమైతే కాదు.

మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండంలో, రక్తనాళాలకు చేరువగా కొన్ని నాడీకణాలున్నాయి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే అక్కడ ఆమ్లత్వం పెరుగుతుంది. ఆ కణాలు దాన్ని పసిగట్టి శ్వాసను వేగంగా, లోతుగా చేయిస్తాయి. తగ్గితే నెమ్మదింపజేస్తాయి. ఆరోగ్యవంతుని ధమనుల్లోని రక్తపు పి.హెచ్. 7.35, 7.45 మధ్యనే ఉంటుంది. ఇంత సన్నని హద్దును రేయింబవళ్ళు కాపాడే ఏర్పాటును సృష్టికర్త మనలోనే ఉంచాడు. సుబ్‌హానల్లాహ్!

కొందరు పసిపిల్లలకు పుట్టుకతోనే ఈ కావలి సరిగా పనిచేయదు. దీనికి మూలమైన జన్యులోపాన్ని శాస్త్రజ్ఞులు 2003లో గుర్తించారు. నిద్రపోగానే ఆ పిల్లల శ్వాస మందగిస్తుంది. శ్వాసయంత్రం తోడు లేకుంటే ఆ నిద్రే ప్రాణాంతకం కావచ్చు. బిడ్డ నిద్రపోతుంటే తల్లి మేల్కొని ఉండాలి.

ఇలాంటి ఇంటిని చూసి “ఏ పాపఫలమో” అని నోరు జారకండి. పసికందుకు పాపమెక్కడిది? అది వారికి పరీక్ష. మన పరీక్ష వేరు: అడగకుండానే లభించిన శ్వాసకు కృతజ్ఞత చూపామా? ఆ తల్లి ఒక్క రాత్రి కునుకు తీయడానికి తోడు నిలిచామా?

సోదర సోదరీమణులారా! ఈ రాత్రి కళ్ళు మూసుకునే ముందు ఒక్కసారి మనస్ఫూర్తిగా ‘అల్‌హందులిల్లాహ్’ అందాం. తెల్లవారాక ఆ కృతజ్ఞతను చేతలలో చూపుదాం. అల్లాహ్ మనకా భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.