ఋషిఋణమును, బ్యాంకు ఋణమును

బ్రాహ్మణుడు మూడు ఋణములతో పుట్టునని తైత్తిరీయసంహిత చెప్పుచున్నది. పిమ్మటివారు దానిని మానవులందఱకు అన్వయించిరి. మేమును అట్లే అన్వయించుచున్నాము. ఆ మూటిలో ఋషిఋణము తీరుటకు చెప్పిన యుపాయము బ్రహ్మచర్యము, అనగా విద్యాభ్యాసము. చదివినచో అప్పు తీరునని పూర్వులనిరి. చదువుటకే అప్పు చేయవలసిన కాలము వచ్చినది. ఋషులకు వాయిదా తేదీ లేదు. బ్యాంకునకు గలదు. ఆ తేదీనిగూర్చియే మేమిచట విచారింపదలచితిమి.

మనశ్శాస్త్రము చదివెదనని కుమార్తె యన్నప్పుడు "దానివలన ఏమి వచ్చునమ్మా?" అని తండ్రి యడుగును. ఈ ప్రశ్నను ధనాశయని తీసివేయువారు తఱచుగా అప్పు చేయ నక్కఱలేనివారు. హామీ పత్రముపై చేవ్రాలు చేయవలసినవానికి అడుగు హక్కు గలదు. అయితే అతడు అడుగవలసినది ఎంత వచ్చునని మాత్రమే కాదు, ఎప్పుడు వచ్చునని కూడ.

ఒక లెక్క వేసి చూతము. మూడేండ్ల బి.ఏ. చదువునకు, బసతో కూడ, ఏటేట మొదట లక్షన్నర చొప్పున 4,50,000 రూపాయలు నూటికి 10 వడ్డీకి తెచ్చితిమనుకొందము. భారత బ్యాంకుల సంఘమువారి మాదిరి పథకము ననుసరించి చదువుకాలమును, దానిపై ఒక యేడును వాయిదాలు కట్ట నక్కఱలేదు. కాని బారువడ్డీ పెరుగుచునే యుండును. నాలుగవ యేటి తుదకు వడ్డీ 1,35,000 చేరి అప్పు 5,85,000 అగును. దానిని పదేండ్లలో తీర్పదలచిన నెలకు సుమారు 7,700 రూపాయలు. పదునైదేండ్లకు సాగదీసిన నెలసరి తగ్గును, మొత్తము పెరుగును.

మొదటి వాయిదా వచ్చునప్పటికి ఆ బాలిక యెక్కడ నుండును? చదువు సాగించినచో ఎం.ఏ. రెండవ యేట. గడువు పొడిగింపుడని బ్యాంకువారిని వేడుకొనవలెను. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టము ననుసరించి, మండలి గుర్తించిన యర్హత పొంది రిజిస్టరులో పేరు నమోదు కానిదే క్లినికల్ సైకాలజిస్టుగా వృత్తి సాగింపరాదు. ఆ యర్హతకు ఇటీవలివఱకు రాజమార్గము ఎం.ఏ. పిమ్మట రెండేండ్ల ఎం.ఫిల్.; సీట్లు కొలదిగా నుండెడివి. వెరసి ఏడేండ్లు. బి.ఏ. తోడనే నిలిచిపోయినచో ఏ బి.ఏ. వారికైన దొరకు కొలువులకే పోటీపడవలెను. పట్టా పుచ్చుకొన్న మఱుసటి యేటి జీతమును చూచి ఈ శాస్త్రమునకు వెల కట్టుట, కొబ్బరిమొక్క నాటిన మూడవ యేట కాయలు లెక్కించుట వంటిది. కాని శిస్తు కాపు రాకమునుపే కట్టవలెను గదా! చిక్కంతయు ఇక్కడనే యున్నది.

సంపాదన తక్కువగుటచే ఈ విద్య అక్కఱ తక్కువదని తలపరాదు. నిమ్హాన్స్ వారు 2015–16లో 12 రాష్ట్రములందు జరిపిన సర్వేలో, వ్యాధినిబట్టి నూటికి 70 మొదలు 92 మంది మనోరోగులకు చికిత్స అందుట లేదని తేలినది. (ఆ పన్నెండింటిలో మన తెలుగు రాష్ట్రములు రెండును లేవు.) అక్కఱ గలవారిలో అనేకులు ఇచ్చుకొనలేనివారు; జీతములు సన్నగిలుటకు అదియొక కారణము. ఏడేండ్లు అప్పుతో వేచియుండగలవారే ఈ వృత్తికి మిగిలినచో, మనసు చెదిరిన కూలివాని యెదుట కూర్చుండి అతని యాసలోనే అతనిని పలుకరింపగల కూలివాని కూతురు ఆ కుర్చీ వఱకు రానేరాదు. వచ్చినను, వాయిదా ఆమెను ఫీజు లిచ్చుకొనగల నగరమునకే ఈడ్చుకొనిపోవును.

కావున తండ్రికి మేము చెప్పునది: అప్పును నిరాకరింపవచ్చును, శాస్త్రమును నిరాకరింపరాదు. మొదటి పట్టాకు ప్రభుత్వ కళాశాల చాలును. అచటి ఫీజు స్వల్పము. అప్పు చేయక తప్పదేని, దానిని అర్హత నిచ్చు కడపటి చదువునకై దాచియుంచుట మేలు. పై లెక్కను బాలిక యెదుటనే వేయవలెను. పదునెనిమిదేండ్లు నిండినదాని చేత చేవ్రాలు చేయించి, అంకెలు మాత్రము దాచుట ప్రేమ కాదు.

2024 నవంబరులో కేంద్రప్రభుత్వ మామోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకము ఎనిమిది లక్షలలోపు వార్షికాదాయము గల కుటుంబములవారికి, ఎంపిక చేసిన విద్యాసంస్థలలో, పది లక్షల వఱకు ఋణముపై గడువుకాలమున 3 శాతము వడ్డీ రాయితీ నిచ్చుచున్నది. మంచిదే, కాని అది వడ్డీని తగ్గించినది, తేదీని కదపలేదు. ఈ వృత్తికి చదువువారి విషయమున వాయిదాలను మొదటి పట్టానుండి కాక, రిజిస్టరులో పేరు నమోదైన నాటినుండి లెక్కించుట న్యాయమని మా యభిప్రాయము. నడుమ చదువు మానినవారి మాటేమని బ్యాంకువారడుగుదురు. మానిన నాటినుండి ఒక యేడు గడువిచ్చి, అప్పుడే వాయిదాలు మొదలిడవచ్చును.