ఆ నవ్వుకు వెల ఎవరు చెల్లించారు?



క్రైస్తవుడు నవ్వవచ్చునా? ఈ ప్రశ్న మన సంఘాలలో అప్పుడప్పుడు తలెత్తుతూనే ఉంటుంది. యౌవనుల కూడికలో ఒక హాస్య నాటిక వేస్తే పెద్దలలో కొందరు ముఖము చిట్లించి ఎఫెసీ పత్రిక 5:4 చూపిస్తారు. మరికొందరు ఇస్సాకు అనే పేరుకే నవ్వు అని అర్థము గదా అంటారు. కర్మెలు పర్వతము మీద ఏలీయా బయలు ప్రవక్తలను ఎగతాళి చేసిన సంగతి కూడా గుర్తుచేస్తారు. ఇరుపక్షాల వారికీ వాక్యాధారము ఉన్నది గనుక ఈ వాదము ఎన్నటికీ తేలదు. ప్రశ్నను కొంచెము మార్చి అడిగితే మేలని నా మనవి. మనము ఎవరిని చూసి నవ్వుతున్నాము? ఆ నవ్వు వలన లాభము ఎవరికి? ఆ నవ్వుకు వెల చెల్లిస్తున్నది ఎవరు?

ఈ ప్రశ్నలకు జవాబు వెదకడానికి నూరేళ్లకు పైబడిన ఒక సంగతిని మీ ముందు పెడుతున్నాను. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది తెలుగువారు బాప్తిస్మము పొందారు. క్లౌ దొరగారిని మనయొద్దకు పంపిన అమెరికాలో ఆ కాలములోనే మరొక పని మొదలైంది. జోసెఫ్ కెప్లర్ అనే చిత్రకారుడు న్యూయార్కులో 'పక్' అనే హాస్యపత్రికను 1876లో జర్మన్ భాషలోను, 1877లో ఇంగ్లీషులోను ప్రారంభించాడు. తరువాత 1881లో 'జడ్జ్', 1883లో 'లైఫ్' వచ్చాయి. రాజకీయ నాయకులను, లంచగొండులను, ధనవంతులను ఈ పత్రికలు రంగుల బొమ్మలతో ఉతికి ఆరవేసేవి. అధికారములో ఉన్నవారికి నవ్వు ఒక మంచి మందు. ఇంతవరకు తప్పుపట్టవలసినది ఏమీ లేదు.

అదే కాలములో వ్యాపార ప్రకటనలు కూడా పెరిగాయి. 'హార్పర్స్', 'సెంచురీ' వంటి పెద్ద మాసపత్రికల వెల ముప్పయి అయిదు సెంట్లు. కూలి చేసుకునే వాడు వాటిని కొనలేడు. 1893లో 'మన్సీస్' అనే పత్రిక తన వెలను ఇరవై అయిదు సెంట్ల నుండి ఒక్కసారిగా పది సెంట్లకు దించింది. పది సెంట్లతో కాగితము, అచ్చు ఖర్చులు తీరవు. మిగిలినది ప్రకటనదారులు చెల్లించారు. పాఠకుడు తాను పత్రికను చౌకగా కొన్నానని సంతోషించాడు. అవతల పత్రికవారు అతని చూపునే సబ్బు కంపెనీకి అమ్ముకున్నారు. ఆ చూపును ఒకచోట నిలపాలంటే నవ్వును మించిన ఉపాయము లేదని వ్యాపారులు త్వరలోనే కనిపెట్టారు. నవ్వుతున్నవాడు బేరమాడడు గదా!

ఆ నవ్వులో మూడు రకాలు నాకు కనబడుతున్నవి.

మొదటిది, తన మీద తానే నవ్వుకోవడము. 1884లో ఇంగ్లండులోని 'పంచ్' పత్రికలో హారీ ఫర్నిస్ అనే చిత్రకారుడు ఒక బొమ్మ వేశాడు. మాసిన బట్టల దేశదిమ్మరి ఒకడు కూర్చుని పియర్స్ సబ్బువారికి ఉత్తరము వ్రాస్తున్నాడు. రెండేళ్ల క్రితము మీ సబ్బు వాడాను, అప్పటి నుండి వేరే సబ్బు ముట్టలేదు అని దాని సారాంశము. అంటే అప్పటి నుండి స్నానమే లేదన్న మాట! ప్రముఖుల చేత మెప్పు మాటలు వ్రాయించుకుని అచ్చువేసే కంపెనీల మీద అది చురక. పియర్స్ వారు కోపగించుకోలేదు. ఆ బొమ్మ హక్కులు కొని, దానినే తమ ప్రకటనగా వాడుకున్నారు. ఇది వ్యాపార తెలివే, సందేహము లేదు. అయినా తనను వెక్కిరించిన బొమ్మను తానే చూపుకోగలిగితే ఎవరికీ గాయము తగలదు.

రెండవది, పరిశుద్ధమైన మాటను సరుకుకు అంటగట్టి నవ్వించడము. బ్రూక్లిన్ లోని ప్లిమత్ సంఘ కాపరి హెన్రీ వార్డ్ బీచర్ బానిసత్వానికి వ్యతిరేకముగా ప్రసంగించి పేరు పొందినవాడు. 1880ల తొలి సంవత్సరాలలో అంతటి బోధకుడు పియర్స్ సబ్బుకు మెప్పు మాట వ్రాసి ఇచ్చాడు. శుభ్రత దైవభక్తికి ప్రక్కనే ఉంటుందని అంటారు గనుక సబ్బును కూడా కృపాసాధనముగా ఎంచవలెనని అందులో చమత్కరించాడు. మరొకటి. సిన్సినాటిలోని ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీకి చెందిన హార్లీ ప్రోక్టర్ 1879లో ఒక ఆదివారము గుడిలో 45వ కీర్తన చదువుతుండగా విని, 8వ వచనములోని దంతపు నగరుల మాటను పట్టుకుని తమ తెల్ల సబ్బుకు 'ఐవరీ' అని పేరు పెట్టాడు. ఆ సబ్బు ప్రకటన 1882లో 'ఇండిపెండెంట్' అనే మత సంబంధమైన వారపత్రికలో వచ్చింది. వాక్యము వింటూ సరుకుకు పేరు వెదకడము నేరము కాకపోవచ్చును. కాని కృప అనే మాట నురుగులో కలిసి నవ్వు పుట్టించే మాట అయితే, నిజముగా కృప అవసరమైన దినాన ఆ మాటకు మన చెవిలో బరువు ఎంత మిగులుతుంది? ఇక్కడ వెల చెల్లించినది ఆ మాటే.

మూడవది అన్నిటికంటె చెడ్డది. బలహీనుని చూపి నవ్వించి అమ్మడము. బ్రతుకుతెరువు కోసము వచ్చిన ఐరిష్ పనిమనుషులను కోతి ముఖాలతో 'పక్' పత్రికలోనే గీశారు. చైనా కూలీలు రాకుండా 1882లో చట్టము చేస్తే, 1886 నాటి ఒక చాకిరేవు మందు ప్రకటనలో అమెరికా దేశమే చైనావాణ్ణి కాలితో తన్నుతున్నట్టు వేశారు. మా మందు ఉంటే ఇక చైనా చాకళ్లతో పని లేదని దాని వేళాకోళము. 'గోల్డ్ డస్ట్' అనే గిన్నెలు తోమే పొడికి ఇద్దరు నల్లజాతి కవల పిల్లలను వికారముగా గీసి గుర్తుగా పెట్టారు. నల్లపిల్లవాణ్ణి సబ్బుతో రుద్దితే తెల్లబడినట్టు చూపిన బొమ్మలు సముద్రానికి ఇరువైపులా అచ్చయ్యాయి. దేవుడిచ్చిన ఒంటి రంగును మురికి అన్నారు. పుట్టుకను చూసి మురికి అన్న మాట మన తాత ముత్తాతలు విననిది కాదు. కాబట్టి ఆ బొమ్మలు ఎక్కడ తగిలాయో మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు.

'ఊరికే నవ్వులాటకు గదా, ఇంత పట్టింపెందుకు' అని ఒకరు అనవచ్చును. సామెతలు 26వ అధ్యాయము 18, 19 వచనాలు దీనికి సమాధానము. పొరుగువానిని మోసపుచ్చి నవ్వులాటకు చేశాననే వాడు నిప్పుకొరవులు విసిరే వెర్రివానితో సమానమని అక్కడ ఉన్నది. నవ్వులాటకు వేసిన కొరవి కూడా కాలుస్తుంది. 'ఆ కాలములో అందరూ అట్లే చేశారు, ప్రకటన లేకపోతే పత్రిక బ్రతకదు' అని ఇంకొకరు అనవచ్చును. కాని 'లేడీస్ హోమ్ జర్నల్' 1892లోనే బూటకపు మందుల ప్రకటనలు ఇక వేయబోమని తిరస్కరించింది. బోలెడు డబ్బు వదులుకున్నది. అయినా ఆ పత్రిక చావలేదు. 1903 నాటికి దాని చందాదారులు పది లక్షలకు చేరారు. బొమ్మల విషయములో కాక మందుల విషయములో జరిగిన సంగతి ఇది. అయినా వద్దనడము సాధ్యమేనని ఋజువు చేస్తున్నది.

అయితే హాస్యమును వెలివేయాలా? వద్దు. కెప్లర్ దొర వియన్నా నుండి అమెరికాకు వలస వెళ్లినవాడు. 1893 జనవరిలో 'పక్' లో ఆయన వేసిన ఒక బొమ్మను నేను మరచిపోలేను. ఓడ దిగి మూట భుజాన వేసుకుని ఒక బీదవాడు వస్తున్నాడు. కోట్లు, టోపీలు ధరించిన ధనవంతులు చేతులెత్తి అతణ్ణి ఆగమంటున్నారు. వారి వెనుక పెద్ద నీడలు పడుతున్నవి. ఆ నీడలు మాత్రము ధనవంతుల ఆకారములో లేవు. చిరిగిన బట్టలు, మూటలతో ఉన్నవి. వారో వారి తండ్రులో ఒకనాడు ఆ రేవులోనే అట్లే దిగినవారన్న మాట. ఆ బొమ్మ చూసి నవ్వినవాడు నవ్వు ఆగిన తరువాత తన నీడను ఒకసారి చూసుకుని ఉంటాడు. కంటిలో దూలమును గూర్చి ప్రభువు చెప్పిన మాటలోనూ ఇటువంటి నవ్వే ఉన్నది. దూలము కంటిలో పెట్టుకుని నలుసు తీయబోయే మనిషిని ఊహించుకుంటే నవ్వు వస్తుంది. వెంటనే ఆ మనిషి నేనే అని తెలుస్తుంది.

ప్రియులారా, మనము బెంగళూరులో, చెన్నైలో, సోలాపూరులో, బరంపురములో, యానాములో తరతరాలుగా స్థిరపడినవారము. మన తెలుగు యాసను విని ఆంధ్రలోని బంధువులు నవ్వినప్పుడు మనసు చివుక్కుమనడము మనకు తెలుసు. మరి నిన్న మొన్న పనికి వచ్చి, గుడిలో వెనుక బల్ల మీద భయముగా కూర్చున్న కొత్త కుటుంబము మాటతీరును క్రిస్మస్ నాటికలో అనుకరించి మనము నవ్వించుకున్న సందర్భములు లేవా? జూబిలీ సంచికకు ప్రకటనలు సేకరించేటప్పుడు డబ్బు ఎంత అని అడిగినట్టు, ప్రకటనలో ఏమున్నది అని అడుగుతున్నామా?

వచ్చే క్రిస్మస్ కు నాటిక వ్రాసే యౌవనులకు ఒక చిన్న సలహా. వ్రాసిన దానిని మొదట ఆ వెనుక బల్ల మీది వారికి చదివి వినిపించండి. వారు మనస్ఫూర్తిగా నవ్వితే వేదిక మీదికి తీసుకురండి. తల వంచుకుంటే ఆ పుటను చింపివేయండి. నవ్వును మనకు ఇచ్చిన దేవుడు, ఆ నవ్వు మన పొరుగువానికి భారము కాకుండ మనలను కాపాడును గాక. ఆమెన్.